మళ్ళీ వచ్చిన గొంతు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట వంటలూ, పిల్లల పెంపకమూ పక్కన పెట్టి, పాట గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. పాడినవాళ్ళ గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. విన్నవాళ్ళ గురించి చెప్పేవాళ్ళు తక్కువ. మనమేమో వినేవాళ్ళం. ఒక పాట విని మనం ఏమంటున్నాం, అట్లా ఎందుకంటున్నాం, మన నోటి మాట ఎక్కడిదాకా పోతోంది అన్నది కాస్త ఆలోచించుకుంటే తప్పులేదనుకుంటాను.

2024 డిసెంబరులో "గోదారి గట్టు" అని ఒక పాట వచ్చింది. 2025 సంక్రాంతికి విడుదలైన "సంక్రాంతికి వస్తున్నాం" సినిమాలోది. వెంకటేష్, ఐశ్వర్యా రాజేష్ భార్యాభర్తలుగా నటించారు. రాసినవారు భాస్కరభట్ల రవికుమార్, బాణీ కట్టినవారు భీమ్స్ సిసిరోలియో. మా నల్లపాడు చుట్టుపక్కల అవి మిరపకోతలు మొదలయ్యే రోజులు. కోతకు పోయే ఆటోలో ఆ పాటే, కళ్ళంలో కాయలేరేచోట చెట్టుకొమ్మకు తగిలించిన సెల్‌ఫోనులో ఆ పాటే, పెళ్ళిపందిట్లో ఆ పాటే. అందులో మగగొంతు రమణ గోగులది. చాలా ఏళ్ళు వినపడకుండా పోయి మళ్ళీ వచ్చిన గొంతు. దాంతో పాటకంటే ముందు ఆ గొంతు మీదే మాటలు మొదలయ్యాయి.

ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు గనక కాస్త వెనక్కి పోయి చెబుతాను.

మన పెద్దవాళ్ళు సినిమాలో లేని పాటను "ప్రైవేటు పాట" అనేవాళ్ళు. గ్రామఫోను రోజుల్లో సాలూరి రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు అట్లాంటి పాటలు పాడి ఇంటింటా పేరు తెచ్చుకున్నారు. ఆ పాటకు తెరమీద బొమ్మ ఉండదు, హీరో ఉండడు, కథ ఉండదు. పాటే తన కాళ్ళమీద తాను నిలబడాలి. తరవాత సినిమా పాట అన్నిటినీ మింగేసింది. మళ్ళీ 1990ల్లో టీవీలో పాటల ఛానళ్ళు వచ్చాక, కుర్రవాళ్ళు బృందాలు కట్టి సొంత పాటలు క్యాసెట్లుగా తెచ్చారు. దాన్నే ఇండీపాప్ అన్నారు. కొత్త పేరు పెట్టారుగానీ, ఆ కోరిక మన ప్రైవేటు పాటల నాటిదే.

రమణ గోగుల ఆ దారినే వచ్చారు. "మిస్టీ రిథమ్స్" అనే బృందంతో 1996లో "ఆయే లైలా" అనే హిందీ పాప్ ఆల్బమ్ తెచ్చారు. అక్కణ్ణించి 1998లో "ప్రేమంటే ఇదేరా"తో తెలుగు సినిమాలకు సంగీతం మొదలుపెట్టారు. 1999లో "తమ్ముడు", 2000లో "బద్రి", "యువరాజు", 2003లో "జానీ", 2006లో "లక్ష్మి", "అన్నవరం", 2007లో "యోగి". సంగీతం ఒక పక్కన, సాఫ్టువేరు రంగంలో పని ఇంకో పక్కన. 2013లో "వెయ్యి అబద్ధాలు" తరవాత సినిమాల్లో ఆయన అలికిడి లేదు. వెంకటేష్ సినిమా వరకూ లెక్క చూస్తే, 2006 నాటి "లక్ష్మి"కీ ఈ పాటకూ మధ్య 18 ఏళ్ళు.

18 ఏళ్ళంటే తక్కువా? ఆనాడు పుట్టిన పిల్లకు ఇప్పుడు ఓటుహక్కు వచ్చింది.

ఆ రోజుల్లో ఈయన పాటల మీద శ్రోతల్లో రెండు పక్షాలుండేవి. "తమ్ముడు"లో ఒక పాట మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది. మాకప్పుడు పదిహేడు, పద్దెనిమిదేళ్ళు. ఆ మాటలకు అర్థం తెలియకపోయినా క్యాసెట్టు అరిగేదాకా విన్నాం. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం, "ఇదేం గొంతే, జలుబు చేసినవాడు పాడినట్టు! తెలుగక్షరాలను నమిలి ఉమ్ముతున్నాడు" అనేవాళ్ళు. ఘంటసాలగారి ఉచ్చారణ విని పెరిగిన చెవులు వాళ్ళవి. వాళ్ళ మాటలోనూ సబబు లేకపోలేదు. కొత్త కావాలన్న ఉబలాటం మాది. మా మాటలోనూ ఉంది సబబు.

మరి 2025లో ఏమన్నారు? మా ఊళ్ళో నలుగుర్ని అడిగాను. నాలుగు రకాలుగా చెప్పారు.

మా ఆడపడుచు అన్నది, "వదినా, గొంతు పిసరంత కూడా మారలేదు. కళ్ళు మూసుకుంటే కాలేజీ బస్సులో ఉన్నట్టే ఉంది" అని.

పక్కవీధి పెద్దమ్మగారు అన్నారు, "అప్పుడూ ముక్కుతోనే పాడాడు, ఇప్పుడూ ముక్కుతోనే పాడాడు. నాకప్పుడూ ఎక్కలేదు, ఇప్పుడూ ఎక్కలేదు" అని.

ఇంటర్ చదివే పిల్ల ఒకతె, "ఆయనెవరో నాకు తెలియదు పిన్నీ. పాట బాగుంది, అంతే" అన్నది.

నాలుగో మాట మిరపకోతకు వెళ్ళే ఒక తల్లి చెప్పింది. "మొగుడూ పెళ్ళాల పాట గదమ్మా అది. పిల్లలు పుట్టినాక కూడా ఆయన ఆమెను బతిమాలుకోటం. దానికి కుర్ర గొంతయితే నప్పదు. కాస్త ముదురు గొంతే ఉండాల. అందుకే బాగుంది."

ఈ నలుగురిలో ఎవరు పాటను విన్నారో చూడండి.

మా ఆడపడుచు విన్నది తన పద్దెనిమిదో ఏడుని. పాట ఆమెకు ఒక తలుపు, అంతే. అది తీసుకుని తన చిన్నతనంలోకి వెళ్ళిపోయింది. అందులో తప్పేమీ లేదు. అయితే గొంతు మారలేదన్నది మాత్రం చెవి చెప్పిన మాట కాదు, మనసు చెప్పిన మాట. కావాలంటే "తమ్ముడు" పాట ఒకటి పెట్టుకుని, వెంటనే ఈ పాట పెట్టుకుని వినండి. ఆ గరుకుదనం అట్లాగే ఉంది. అప్పటి దూకుడు లేదు. మాట మీద కాస్త ఆగుతున్నారు, కాస్త చిరునవ్వుతో పలుకుతున్నారు. నా చెవికి వినపడింది అది. మీకు ఇంకోలా వినపడొచ్చు.

పెద్దమ్మగారు విన్నది తన పాత తీర్పుని. ఆమె అప్పుడే కాగితం రాసి సంతకం పెట్టేశారు, ఇప్పుడు మళ్ళీ చదివి వినిపించారు.

ఇంటర్ పిల్లకు పాత లెక్కలేమీ లేవు. తిరిగొచ్చిన మనిషి అన్న సంగతే తెలియదు. ఆమె పాటనే విన్నది. అయితే ఎందుకు బాగుందో చెప్పలేకపోయింది.

ఎందుకు బాగుందో చెప్పింది కోతకు పోయే తల్లి ఒక్కతే. పాట ఎవరు ఎవరితో చెప్పుకునే మాట, దానికి ఏ వయసు గొంతు సరిపోతుంది అని చూసింది. సంగీతం చదువుకున్నవాళ్ళు పేజీలు రాసినా ఇంతకంటే చెప్పేది ఏముంటుంది? తిరిగొచ్చిన గొంతుకు పాతికేళ్ళనాటి పాట అంటగట్టకుండా, ఆ గొంతు వయసుకు తగ్గ పాట ఇచ్చారు. అదీ ఆ పాట గెలుపు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడ మీరొక సంగతి గమనించారా? నలుగురూ మాట్లాడింది ఒక్క గొంతు గురించే. అది యుగళగీతం గదా! రెండో గొంతు ఏమయింది?

ఆ రెండో గొంతు మధుప్రియది. తెలంగాణలో గోదావరిఖని పిల్ల. చిన్నతనంలోనే ఆడపిల్ల పుట్టుక గురించిన జానపదం పాడి పేరు తెచ్చుకుంది. 2017లో "ఫిదా"లో ఆమె పాడిన పాట మీలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. ఈ పాటలో భర్త బతిమాలుతుంటే భార్య బెట్టుగా బదులు చెప్పాలి. ఆ బెట్టు లేకపోతే బతిమాలటానికి విలువేముంది? ఆ పని అంతా చేసింది ఆమె గొంతే. ఆ నలుగుర్నీ మళ్ళీ అడిగాను, "ఆడగొంతు ఎవరిది?" అని. ముగ్గురికి పేరు తెలియదు. ఇంటర్ పిల్ల ఫోను తీసి చూసి చెప్పింది.

దీనికి శ్రోతల్ని మాత్రమే అనటానికి లేదు. ఆకాశవాణిలో పాట వేసేముందు అనౌన్సరు సినిమా పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు, పాడినవారి పేర్లు వరసగా చెబుతారు. అట్లా విని వినీ మన అమ్మలకు, అమ్మమ్మలకు ఏ పాట ఎవరు పాడారో కంఠతా వచ్చేది. బడికి వెళ్ళనివాళ్ళు కూడా జిక్కి గొంతు ఏది, లీల గొంతు ఏది అని ఇట్టే చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఫోనులో పాట ముక్క వస్తుంది, పోతుంది. పేరు చెప్పే నాథుడు లేడు. తెరమీద కనిపించినవాళ్ళ పేరో, వార్తల్లో వచ్చినవాళ్ళ పేరో మిగులుతుంది. తిరిగొచ్చినాయన వార్త అయ్యారు. పక్కన పాడినామె వార్త కాలేదు.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తాను.

మగవాడు ఉద్యోగం కోసమో వ్యాపారం కోసమో పాట మాని, పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో తిరిగివస్తే, "ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావయ్యా" అని ఎదురువెళ్ళి తెచ్చుకుంటాం. మంచిదే. తెచ్చుకోవాలి. అదే ఆడది పాట మానితే, ఎందుకు మానిందని అడిగేవాళ్ళు లేరు. మానటమే సహజం అనుకుంటాం. తిరిగివస్తే మాత్రం, "ఈ వయసులో ఇప్పుడెందుకమ్మా?" అంటాం.

ఇందాక చెప్పిన రావు బాలసరస్వతీదేవిగారినే తీసుకోండి. 1928లో పుట్టారు. ఆరేళ్ళ వయసులోనే గ్రామఫోను రికార్డు ఇచ్చారు. 1940లో "ఇల్లాలు" సినిమాలో రాజేశ్వరరావుగారితో కలిసి నటించారు. 1943లో "భాగ్యలక్ష్మి"లో తెరవెనక నుంచి పాడి, తెలుగులో తొలి నేపథ్య గాయని అనిపించుకున్నారు. ఆకాశవాణిలో తెలుగు లలితగీతాలు పాడిన తొలి గాయనిగానూ ఆమెకు పేరుంది. 1944లో కోలంక రాజావారితో పెళ్ళయింది. ఆ తరవాత క్రమంగా సినిమా పాటలకు దూరమయ్యారు. 2025 అక్టోబరులో 97 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. తెలుగువాళ్ళు ఆమెను మరిచిపోలేదు, నిజమే. అయితే ముప్పయ్యేళ్ళ వయసు, నలభయ్యేళ్ళ వయసు గొంతుతో ఆమె పాడివుండగలిగిన పాటలు ఎన్ని మనకు అందకుండా పోయాయో ఎవరు లెక్క కట్టగలరు?

ఇంకొకరు ఎల్.ఆర్. ఈశ్వరిగారు. 1973లో "దేవుడు చేసిన మనుషులు"లో ఆమె పాడిన పాట తెలియని తెలుగువాళ్ళు ఉండరు. తరవాత సినిమాల్లో ఆమె గొంతు వినపడటమే అరుదయింది. 2011లో "ఒస్తి" అనే తమిళ సినిమాలో తమన్ సంగీతంలో మళ్ళీ పాడించారు. అప్పటికి ఆమెకు 70 దాటాయి. ఆ పాట కుర్రకారును ఊపేసింది. గొంతు ఎక్కడికీ పోలేదు. అడిగేవాళ్ళు లేకపోయారు, అంతే.

విదేశాల సంగతి కూడా ఒకటి చెబుతాను. స్వీడన్ దేశంలో అబ్బా అనే పాప్ బృందం ఉంది. మనం ఆశ్చర్యపోయినప్పుడు అనే "అబ్బా" కాదండోయ్, బృందం పేరే అది. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. ఒకప్పుడు రెండు జంటలు. ఆ కాపురాలు విడిపోయాయి. 1981లో ఒక ఆల్బమ్ తెచ్చి, ఆ మరుసటేడు ఆపేశారు. మళ్ళీ 40 ఏళ్ళకు, 2021 నవంబరులో, "వాయేజ్" అనే కొత్త ఆల్బమ్ తెచ్చారు. పాడిన ఇద్దరు ఆడవాళ్ళలో ఒకామెకు 71 ఏళ్ళు, ఇంకొకామెకు 75. అక్కడి శ్రోతలు కూడా మనలాగే రెండు పక్షాలయ్యారు. "అంతా పాతకాలపు ధోరణి" అన్నవాళ్ళు కొందరు, "ఆ పాతదనమే మాకు కావాలి" అన్నవాళ్ళు కొందరు. ఒక సంగతి మాత్రం చాలామంది గుర్తించారు. గొంతులు వయసుతో కాస్త కిందికి దిగాయి. వాళ్ళు ఆ దిగిన గొంతులతోనే పాడారు. ముప్పయ్యేళ్ళనాటి కీచుదనం కోసం పాకులాడలేదు.

ఈ చివరి మాటను గట్టిగా పట్టుకోండి. దానితో మనింట్లో పని ఉంది.

మా ఊళ్ళో ఒక ఇల్లాలున్నది. పేరు చెప్పను. బళ్ళో చదివేటప్పుడు పాటల పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న మనిషి. పెళ్ళయింది, పిల్లలు, అత్తమామలు, పత్తి తీతలు, మిరపకోతలు. ఇరవయ్యేళ్ళు పాట లేదు. జోలపాట కూడా గట్టిగా పాడిన గుర్తు లేదంటుంది. పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక ఒక కార్తీకమాసంలో గుడి దగ్గర భజనలో, అందరూ బలవంతం చేస్తే, ఒక కీర్తన అందుకున్నది. పల్లవి చక్కగా వచ్చింది. చరణంలో పైకి వెళ్ళేచోట గొంతు జీరపోయి తెగింది. అంతే, వెనక నుంచి ఒకామె, "ఒకప్పుడు బాగా పాడేదంటగా" అన్నది. పక్కనామె నవ్వింది. అన్నామె చెడ్డది కాదు. ఏదో అనాలి గనక అన్నది. తరవాతి సోమవారం ఆ ఇల్లాలు భజనకు వచ్చింది, తాళాలు వేసింది, నోరు మాత్రం తెరవలేదు. ఆ పై సోమవారం కూడా అంతే.

చూశారా, శ్రోత అభిప్రాయం అంటే ఏమిటో! రమణ గోగులను మా పెద్దమ్మగారు "ముక్కుతో పాడాడు" అంటే ఆయనకు వచ్చే నష్టం ఏమీ లేదు. ఆ పాటను యూట్యూబులో కోట్లసార్లు విన్నారు. పెద్దమ్మగారొక్కరు వినకపోతే లెక్కలో తేడా రాదు. గుడి మంటపంలో కూర్చున్నది పాతికమంది. అక్కడ ఒక్క మాట, ఒక్క నవ్వు, ఇరవయ్యేళ్ళకు తెరిచిన నోటిని మళ్ళీ మూయించింది. పెద్ద గాయకుల మీద మన అభిప్రాయం సరదా మాట. మన పక్కన కూర్చున్న మనిషి మీద మన అభిప్రాయం తీర్పు.

నిజానికి ఆ రోజు అక్కడ కావలసింది చిన్న సర్దుబాటు. హార్మోనియం ఒక మెట్టో రెండు మెట్లో కిందికి దించి ఉంటే ఆ చరణం హాయిగా వచ్చేది. ఇరవయ్యేళ్ళనాటి శ్రుతి ఇప్పుడు అందుతుందా? 71 ఏళ్ళామె, 75 ఏళ్ళామె సిగ్గుపడకుండా దించుకున్నప్పుడు మనకెందుకు నామోషీ? "వదినా, శ్రుతి కాస్త దించుకుని మళ్ళీ అందుకో" అని ఒక్కరు అంటే చాలు. అదీ అభిప్రాయమే. గొంతు తెగిందని చెప్పకుండా దాటవేయమని నేననటం లేదు. ఉత్తపుణ్యానికి, "ఆహా, ఎంత బాగా పాడావో" అనే పొగడ్త కూడా ఆమెకు అక్కర్లేదు. తెగిన సంగతి ఆమెకు మనకంటే ముందు తెలుసు. తెలియనిది, మనకు మళ్ళీ వినాలని ఉందా లేదా అన్నది. అది మనం చెప్పాలి.

కాబట్టి సోదరీమణులకు నా మనవి ఇది. తిరిగొచ్చిన గొంతు ఎవరిదైనా సరే, సినిమావాళ్ళదైనా, పక్కింటామెదైనా, మొదటిసారి వినగానే పాత గొంతుతో తూచకండి. మొదటిసారి విన్నది మన జ్ఞాపకాన్నే. రెండోసారి వినండి, అప్పుడు పాట వినపడుతుంది. ఈ పాట ఎవరు ఎవరితో చెప్పే మాట, ఈ గొంతుకు సరిపోయిందా అని మా ఊరి కోత తల్లి అడిగినట్టు అడగండి. యుగళగీతమైతే రెండో పేరు కూడా తెలుసుకోండి. పిల్లలకు ఆ పేరు చెప్పండి. ఒకరు పాడి ఇంకొకరికి పేరు పోవటం మన ఇళ్ళల్లో చాలాకాలంగా ఉన్నదే. పాటల్లోనైనా తగ్గించుకుందాం.

ఇంకొక పని. మీ ఇంట్లో, మీ వీధిలో, "పెళ్ళికి ముందు బాగా పాడేది" అనిపించుకున్న మనిషి ఒకరుంటారు. అత్తగారు కావచ్చు, తోడికోడలు కావచ్చు, మీరే కావచ్చు. "పాడేది" అన్న ఆ మాట వినటానికి పొగడ్తలాగే ఉంటుంది. అందులో ఒక తలుపు వేసిన చప్పుడు ఉంది. ఆ మనిషిని ఒక సాయంత్రం అడగండి. పదిమందిలో కాదు, వంటింట్లోనే. పొయ్యి మీద పాలు కాగుతుండగా ఒక్క పల్లవి చాలు. వినేటప్పుడు చేతిలో ఫోను పక్కన పెట్టండి. అయిపోయాక, "రేపు చరణం కూడా పాడు" అనండి. ఆమెకు కావలసిన అభిప్రాయం అదే.

మా ఊరి ఇల్లాలు ఇంకా నోరు తెరవలేదు. వచ్చే కార్తీకానికి హార్మోనియం వాయించే ఆయనకు ముందే చెప్పి ఉంచాం, శ్రుతి దించమని. ఆమె పాడుతుందో లేదో ఆమె ఇష్టం. వినటానికి మేం సిద్ధంగా ఉంటాం.